ఎవరు పంపారండీ?

పుటుక్. కాస్త నిశ్శబ్దం. ఆ తరువాత కాగితాల గుండా సర్రుమని దారం జారిన చప్పుడు. మళ్లీ పుటుక్.

రామచంద్రపురంలో కోర్టు వెనక సందు, ప్లీడరు శివరామకృష్ణగారి ఆఫీసు. వరండా ఖాళీగా ఉంది. ఎర్ర గచ్చు మీద నాలుగు తెల్లటి మచ్చలు. ఒక కుర్చీ ముప్ఫై ఏళ్లు ఒకేచోట నిలబడితే దాని కాళ్ల కింద పడే మచ్చలు. కుర్చీ మాత్రం లేదు. చప్పుడు లోపలి గదిలోంచి వస్తోంది, వాన మొదలవ్వాలా వద్దా అని ఆలోచిస్తూ రేకు మీద ఒక్కొక్కటిగా పడే చినుకుల్లా.

లోపల వీరాస్వామి కేసు కట్ట కుడుతున్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. సన్నగా, చేతిలోని దబ్బనంలాగే మొన దగ్గర కొంచెం వంగి ఉంటాడు. ప్లీడరు గుమాస్తా. కాగితాల అంచున దబ్బనం ఆనించి, కళ్లు సగం మూసి, ఒక్క పోటు. ఆ పోటులో కాగితానికి కావలసినదానికంటే కొంచెం ఎక్కువ బలం ఉంది. ఎందుకో తెలియాలంటే పక్క బల్ల వైపు చూడాలి. అక్కడ ల్యాప్‌టాప్ ముందు సాయిప్రసన్న కూర్చుని ఉంది. ఇంకా ముప్ఫై నిండని ప్లీడరు, శివరామకృష్ణగారి జూనియరు. ఆమె వేళ్లు మీటల మీద చప్పుడు లేకుండా కదులుతున్నాయి. చప్పుడు చేయకుండా ఊళ్లు దాటిపోయే ఆ పనే వీరాస్వామికి మూడేళ్లుగా గుచ్చుకుంటున్నది.

ముప్ఫై ఒక్కేళ్ల కిందట శివరామకృష్ణగారు కొత్తగా ఆఫీసు తెరిచినప్పుడు ఆయన పేరు గుమ్మం మీది బోర్డు దాటి వెళ్లలేదు. ప్లీడర్లు ప్రకటనలు వేసుకోకూడదు. పేరు పదిమందిలోకి నడవాలంటే ఎవరివో కాళ్లు కావాలి. ఆ కాళ్లు వీరాస్వామివి. కోటిపల్లి బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా నడవా పక్కనే కూర్చునేవాడు. ఒళ్లో కేసు కట్ట, ప్లీడరు పేరు పైకి కనబడేలా. పక్కన నిలబడ్డ మనిషి ఏం తోచక ఆ పేరు చదువుతాడు. కాసేపాగి, "ఏం కేసండీ అది?" అంటాడు. వీరాస్వామి వెంటనే చెప్పడు. ద్రాక్షారామం దాటేదాకా ఊరించి, అప్పుడు మొదలుపెడతాడు. కోటిపల్లి రేవు వచ్చేసరికి బస్సులో సగం మందికి శివరామకృష్ణగారి పేరు తెలిసేది.

కొత్తగా ఎవరు ఆఫీసు మెట్లెక్కినా, మంచినీళ్లకంటే ముందు వీరాస్వామి ప్రశ్న ఎదురయ్యేది.

"ఎవరు పంపారండీ?"

నల్ల అట్ట డైరీలో పేరు, ఊరు, తగాదా రాసుకుని, చివరి గడిలో పంపినవారి పేరు రాసేవాడు. రేవులో టీకొట్టు పాపాయి. భీమవరం ఐసు లారీ డ్రైవరు. యానాం బస్సులో పక్కన కూర్చున్న చర్చి పెద్ద. ఆ గడిలోని ప్రతి పేరు వెనకా తాను ఎప్పుడో ఎక్కడో వదిలిన ఒక మాట ఉండేది. రైతు సాయంత్రం పూట పొలం గట్టు మీద నడిచినట్టు, ఆయన రోజూ ఆఫీసు మూసే ముందు ఆ గడి మీద చూపు నడిపించేవాడు. తాను చల్లినది మొలకెత్తింది.

మూడేళ్ల కిందట సాయిప్రసన్న జూనియరుగా చేరింది. చేరిన నెలకే ఒక బ్లాగు మొదలుపెట్టింది. వారానికొక ప్రశ్న, ఆదివారం ఉదయానికల్లా దానికి జవాబు. లీజు అయిపోయినా రొయ్యల చెరువు ఖాళీ చేయకపోతే ఏం చేయాలి? సమన్లు వస్తే భయపడాలా? పక్కింటి గోడ మన హద్దులోకి వస్తే మొదట ఎవరిని అడగాలి? మా దగ్గరికి రండి అన్న మాట ఎక్కడా ఉండదు. ఫోన్ నంబరు ఉండదు. చివర ఆమె పేరు, ఊరు, అంతే.

"అంతా ఊరికే చెప్పేస్తే ఇంక మన దగ్గరికెందుకొస్తారండీ జనం?" అన్నాడు వీరాస్వామి ఒకరోజు.

"ఈ పిల్లకి విషయం తెలుసు అని నమ్మకం కుదిరితే వస్తారు బాబాయ్‌గారూ. ప్రకటన వేసుకోకూడదని రూలుంది. తెలిసింది నలుగురికీ అర్థమయ్యేలా చెప్పకూడదని లేదుగా."

"నేనూ బస్సుల్లో చేసిందదేనండి."

"మీరు చేసిందేనండీ. కాకపోతే నా బస్సుకి ఆఖరి స్టాపు లేదు."

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు.

మొదటి ఏడాది ఆ బ్లాగును వారానికి పదిమంది చదివితే గొప్ప. వీరాస్వామి ప్రతి సోమవారం తన ఫోనులో చూసి, పది అన్న అంకెను చూసి, హాయిగా టీ తాగేవాడు. జ్వరం వచ్చినా ఆమె ఒక్క ఆదివారం మానలేదు. రెండో ఏడాది ఆ పది కాస్తా వందలైంది. భీమవరం దగ్గర్నుంచి ఒక చెరువు రైతు కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని వచ్చాడు. ఆ తరువాత కాకినాడలో లా చదివే పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని ఆమెను పిలిచారు. రాజమండ్రిలో జుట్టు నెరిసిన ప్లీడరొకాయన ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు రాసిన దాంట్లో ఒక సందేహం" అన్నాడు. ఆ ఫోను మొదట ఎత్తింది వీరాస్వామే. ఆమెకు అందిస్తున్నప్పుడు చెయ్యి బరువెక్కిందట.

"ఎవరు పంపారండీ?" అని అడిగితే కొత్తవాళ్లు తెల్లబోయేవారు.

"ఎవరూ పంపలేదండీ. మేడంగారి బ్లాగు చదివొచ్చాం."

వీరాస్వామి తల ఊపి, చివరి గడిలో 'దారిన పోతూ' అని రాసుకునేవాడు. బ్లాగు అన్న మాట రాయడానికి ఆయన పెన్ను ఒప్పుకోలేదు. ఆ ఏడాది డైరీ చూస్తే, జిల్లాలో సగం జనం ఏ పనీ లేకుండా కోర్టు వెనక సందు గుండా దారిన పోయినట్టే ఉంటుంది.

ఇంట్లోనూ తెరిపి లేదు. ఆదివారం పొద్దున భార్య సూర్యకళ వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ ఫోను గోడకు ఆనించి చదివేది.

"ఏవండోయ్, వాయిదా అంటే ఏంటో ఎంత చక్కగా రాసిందో చూడండి. కాలవ లాకు దగ్గర పడవ ఆగినట్టంట. మునిగినట్టు కాదంట, నీళ్లు సమం అయ్యేదాకా ఆగినట్టంట."

"ఆ మాట నాది! వరండాలో కూర్చుని ముప్ఫై ఏళ్లుగా నేనంటున్నది!"

"అనుంటారు. మీరంటే నాకు అర్థమయ్యేది కాదు."

ఆ పూట ఆయన అన్నం సగంలో లేచాడు. సాయిప్రసన్న ఆ పోలిక తన దగ్గర విని రాసిందని ఆయనకు తెలుసు. అడిగితే ఆమె కాదనదు, సంతోషంగా ఒప్పుకుంటుందని కూడా తెలుసు. అందుకే అడగలేదు.

శ్రావణంలో శివరామకృష్ణగారు ఒక సాయంత్రం కోటు విప్పుతూ అన్నారు. "వీరాస్వామీ, దసరా వెళ్లాక కుర్చీ లోపలికి వేసేసుకో. కొత్తవాళ్లంతా ఎలాగూ ప్రసన్న కోసమే వస్తున్నారు. తిన్నగా ఆవిడ దగ్గరికే వెళ్తారు. నీకూ వరండాలో ఎండ తప్పుతుంది."

ఎండ గురించి వీరాస్వామి ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు. కుర్చీ పోతే ప్రశ్న పోతుంది. ప్రశ్న పోతే ఆ చివరి గడి పోతుంది. దసరాకు ఇంకా రెండు నెలలుంది.

ఆ వారమే సాయిప్రసన్న నోటు పుస్తకం పట్టుకుని వచ్చి ఆయన పక్కన స్టూలు వేసుకుంది. "బాబాయ్‌గారూ, ఈ ఆదివారం తీర్పు నకలు గురించి రాస్తున్నాను. నకలు లేందే అప్పీలు వేయలేరు కదా. దరఖాస్తు పెట్టాక ఏమవుతుందో చెప్పండి."

దరఖాస్తు పెట్టాక ఏమవుతుందో వీరాస్వామికి తెలిసినట్టు ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. నకళ్ల సెక్షను బయట బోర్డు మీద ఒక జాబితా అంటిస్తారు. ఎవరెవరు ఎన్ని స్టాంపులు తెచ్చివ్వాలో అందులో ఉంటుంది. మూడు రోజుల్లో ఇవ్వకపోతే దరఖాస్తు కొట్టేస్తారు. ఇంటికి కబురు రాదు. గుమాస్తాలు రోజూ కోర్టుకు వెళ్లగానే ఆ బోర్డు ముందు ఒక నిమిషం నిలబడతారు, గుడి ముందు ఆగినట్టు. ప్లీడర్లకు నకలు తమ బల్ల మీదికి రావడమే తెలుసు. ఏ దారిన వస్తుందో తెలియదు. ఆ దారి గుమాస్తాలది.

దబ్బనం ఆయన చేతిలో ఆగిపోయింది.

"ఏముందమ్మా. దరఖాస్తు పెడతారు. వాళ్లు నకలు తీస్తారు. ఇస్తారు."

"ఎన్నాళ్లు పడుతుందండీ?"

"పదిహేను రోజులని రాసుకోండి."

ఆమె రాసుకుంది. స్టూలు తీసి యథాస్థానంలో పెట్టింది. వీరాస్వామి మళ్లీ కుట్టడం మొదలుపెట్టాడు. అబద్ధం చెప్పలేదు. బోర్డు ఒక్కటి తనకోసం అట్టేపెట్టుకున్నాడు. అంతా ఇచ్చేశాక మిగిలిన ఒక్క గది తాళంలా అది జేబులో ఉన్నట్టు అనిపించిందని నాతో చెప్పాడు.

ఆదివారం ఆ జవాబు బ్లాగులోకి వెళ్లింది. దరఖాస్తు పెట్టండి, పదిహేను రోజులకు వెళ్లి తెచ్చుకోండి.

నెలా పదిరోజుల తరువాత, మధ్యాహ్నం రెండు గంటలకు, ఒకావిడ మెట్ల కింద చెప్పులు విడిచి వరండాలోకి వచ్చింది. కొంగుతో మెడ తుడుచుకుంటోంది. పేరు సువార్తమ్మ, యానాం దారిలో ఒక ఊరు. కూలి పని. ఇంటి నుంచి రోడ్డుకు పోయే బాటకు అడ్డంగా పక్కవాళ్లు గోడ కట్టారు. దావా వేసి ఓడిపోయింది.

"ఎవరు పంపారండీ?" అలవాటుగా అడిగాడు.

"ఎవరు పంపుతారు బాబూ! మీ ఫోను రాతే పంపింది." ఏడుస్తూ ఫోను తీసి చూపించింది. "నా కూతురు చదివి చెప్పింది. కాగితం పెట్టమన్నారు, పెట్టాను. పదిహేను రోజులు ఆగమన్నారు, ఆగాను. నిన్న ఎళితే కొట్టేశారంట! స్టాంపులడిగితే ఇవ్వలేదంట! నన్నెవరడిగారండీ? ఎక్కడడిగారండీ?"

వీరాస్వామి తీర్పు తేదీ అడిగాడు. వేళ్ల మీద లెక్కపెట్టాడు. అప్పీలుకు ముప్ఫై రోజులు. ఆ రోజే ముప్ఫయ్యోది. ఆ పూట కొత్త దరఖాస్తు పడితే నకలుకు పట్టే రోజులు గడువులోంచి తీసేస్తారు. పడకపోతే ఆలస్యాన్ని మన్నించమని కోర్టును వేడుకోవాలి, మన్నిస్తుందన్న హామీ లేదు. నకళ్ల కౌంటరు మూడింటికి మూస్తారు.

అప్పటికే ఏడుపు విని శివరామకృష్ణగారు, సాయిప్రసన్న బయటికి వచ్చారు. ఆమె సువార్తమ్మ చేతిలోని ఫోనులో తన రాత తానే చదువుకుంది. మొహం తెల్లబడింది. వీరాస్వామి అదేమీ చూడకుండా దరఖాస్తు రాసి, వేలిముద్ర వేయించి, సైకిలెక్కాడు. రెండూ నలభై ఏడుకు కౌంటరులో కాగితం పడింది.

తిరిగి వచ్చేసరికి శివరామకృష్ణగారి గొంతు సందు మొగలోకి వినబడుతోంది.

"తెలియనిది రాయడం దేనికమ్మా? ముప్ఫై ఏళ్ల పేరు ఇది. ఆ బ్లాగూ వద్దు, ఈ గోలా వద్దు. మూసేయ్."

సాయిప్రసన్న ఒక్కసారి వీరాస్వామి వైపు చూసింది. మీరు చెప్పిందే కదండీ అనలేదు. "అలాగేనండి" అంది, తన గురువుగారితో.

వీరాస్వామి సైకిలు స్టాండు వేసి, కుర్చీలో కూర్చుని, డైరీ తీశాడు. ఆ క్షణం ఎలా ఉందని నేను అడిగితే దారం వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. "ఎండలో చెరుకురసం తాగినట్టుందండి," అన్నాడు చివరికి. "గ్లాసు అడుగున చీమ కనబడేదాకా."

ఆదివారం వచ్చింది. బ్లాగులో ఏమీ లేదు. సూర్యకళ ఫోను గోడకు ఆనించి, చూసి, తీసేసింది. ఆ పూట ఇంట్లో ఎవరూ ఏమీ చదవలేదు. సోమవారం నుంచి ఆఫీసు ఫోను మోగడం మొదలైంది. "ఈ వారం రాయలేదేంటండీ మేడంగారు?" "ఒంట్లో బాగాలేదా అండీ?" భీమవరం రైతు రెండుసార్లు చేశాడు. ఒకప్పుడు వీరాస్వామి టైఫాయిడ్‌తో ఇరవై రోజులు మంచంలో ఉన్నాడు. ఆ ఇరవై రోజులు కోటిపల్లి బస్సు ఆయన లేకుండానే వెళ్లింది, వచ్చింది. ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆమె ఊరుకుంటే, ఆ ఊరుకోవడాన్ని కూడా జనం చదువుతున్నారు.

ఆ రోజుల్లో ఆయన ఒక పని మాత్రం తప్పకుండా చేశాడు. రోజూ పదిన్నరకు బోర్డు ముందు నిలబడ్డాడు. ఆరో రోజున సువార్తమ్మ పేరు కనబడింది. అప్పటికప్పుడు స్టాంపులు ఇచ్చేశాడు. పదో రోజున నకలు వచ్చింది. మర్నాడే అప్పీలు పడింది.

అప్పీలు పడిన మర్నాడు సువార్తమ్మ వచ్చింది. చేతిలో చక్రకేళీ అరటి గెల, చిన్నదే, పెరట్లోది. వరండాలో వీరాస్వామి సగం లేచి చేతులు చాచాడు. ఆమె ఆయన పక్కనుంచి లోపలికి వెళ్లిపోయింది. గెల తీసుకెళ్లి సాయిప్రసన్న బల్ల మీద పెట్టింది.

"ఆయ్, తిట్టినందుకు ఏమనుకోకమ్మా. తప్పు రాసినా మళ్లీ నువ్వే దిద్దావు. ఆ బోర్డు సంగతి కనిపెట్టి, స్టాంపులు కట్టించి... ఆ గుమాస్తా బాబుని పంపావు చూడు, అదే నన్ను కాసింది."

పుటుక్. దబ్బనం కట్టలోకి కాదు, కుర్చీ చేతి మీదికి దిగింది.

"పంపడమేంటి? నన్నెవరు పంపారు?" వీరాస్వామి గుమ్మంలో నిలబడ్డాడు. "బోర్డు చూసింది నేను! ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నది నేను! ఆవిడకా బోర్డు ఎక్కడుందో కూడా తెలీదు! ఎలా తెలుస్తుంది? ఆవిడ అడిగిన రోజున నేను చెప్పందే!"

చివరి మాట వినగానే శివరామకృష్ణగారు కళ్లజోడు తీశారు. సువార్తమ్మ ఒకరి తరువాత ఒకరి మొహాలు చూసింది.

పశ్చాత్తాపంతో చెప్పానని వీరాస్వామి అనడు. "తప్పు కూడా ఆవిడ ఖాతాలోకే పోతోందండి. ఆ ఒక్కటీ నాది. ఎలా ఊరుకుంటాను?"

శివరామకృష్ణగారు తిట్టలేదు. "దసరా దాకా ఎందుకు, కుర్చీ ఇవాళే లోపలికి తెచ్చేయ్" అన్నారు. ఇన్నాళ్లూ ఏ రోజుకు భయపడ్డాడో అది అలా ముందే వచ్చేసింది. వీరాస్వామి కుర్చీ ఎత్తుకుని లోపలికి వచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక మధ్యలో నిలబడ్డాడు. సాయిప్రసన్న తన బల్ల పక్కన ఉన్న పుస్తకాలు జరిపింది.

"ఇక్కడ వేసుకోండి బాబాయ్‌గారూ. బోర్డు దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పండి. ఈసారి నేను అన్నీ అడుగుతాను."

ఆ ఆదివారం బ్లాగు మళ్లీ వచ్చింది, శివరామకృష్ణగారు ఈసారి వద్దనలేదు. నకలు కావాలంటే రోజూ బోర్డు చూడండి అని. చివర రెండు వాక్యాలు ఎక్కువ. ఈ సంగతులన్నీ చెప్పినవారు మా ఆఫీసు గుమాస్తా వీరాస్వామిగారు. మొదటిసారి రాసినప్పుడు ఆయన్ని అడగవలసిన ప్రశ్న నేను అడగలేదు, పొరపాటు నాది.

సూర్యకళ ఆ వాక్యాలు రెండుసార్లు గట్టిగా చదివింది. వీరాస్వామి మూడోసారి చదవమన్నాడు. ఆ తరువాత మంట మొదలైంది. "చూశావా, తప్పు నేను చేస్తే మంచితనం మళ్లీ ఆవిడకే వెళ్లింది."

సువార్తమ్మ అప్పీలు ఇంకా వాయిదాల్లోనే ఉంది, లాకు దగ్గర పడవలా. చక్రకేళీలు ఆఫీసులో అందరూ తిన్నారు, వీరాస్వామి తప్ప. ఇప్పుడు కొత్తవాళ్లు తిన్నగా లోపలికి వస్తారు. రెండు బల్లల మధ్య కుర్చీలో కూర్చుంటారు. ప్రశ్న మాత్రం ఇంకా వీరాస్వామే అడుగుతాడు, సాయిప్రసన్న నోరు తెరిచే లోపలే. కిందటి వారం మండపేట నుంచి ఒకతను వచ్చి, "బ్లాగులో రాశారే, వీరాస్వామిగారంటే మీరేనా అండీ?" అని అడిగాడు. ఆ రోజు డైరీ చివరి గడిలో పంపినవారి పేరు వీరాస్వామి అని ఉంది. దాని కింద, భూతద్దం పెడితే తప్ప కనబడనంత చిన్న అక్షరాల్లో, బ్లాగు అని.

కట్ట కుట్టడం అయిపోయింది. దారం కొస కొరికి, ముడి వేసి, వీరాస్వామి నన్ను వరండా దాకా సాగనంపడానికి వచ్చాడు. గచ్చు మీది నాలుగు మచ్చల్నీ తొక్కకుండా దాటాడు. మెట్ల దగ్గర ఆగి, లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మీరు రాసేది నా గురించే కదండీ? అచ్చుకిచ్చే ముందు ఓసారి పేర్లు లెక్కపెట్టి చూడండి. ఆవిడ పేరు నా పేరుకంటే ఒక్కసారైనా తక్కువ రావాలి."